లేత్‌కు సొంత నిలువు స్లైడు – 3వ పాఠం: మొదటి ముఖం

కిందటి పాఠం ముగిసేసరికి మన బల్ల మీద మూడు పోత ఇనుము ముక్కలున్నాయి. ఒకటి ఎల్ ఆకారపు బ్రాకెట్. రెండోది దాని మీద పైకీ కిందికీ జరిగే స్లైడు. మూడోది టీ గాడులున్న చిన్న టేబుల్. ఈ పాఠంలో బ్రాకెట్‌నే పట్టుకుంటాం. అందులోనూ రెండు ముఖాలే కోస్తాం. ఇంత పెద్ద పాఠానికి రెండు ముఖాలేనా అనుకోవద్దు. నిలువు స్లైడు బాగా కుదరనివాళ్ళలో ఎక్కువమంది తప్పు చేసేది ఈ రెండు ముఖాల దగ్గరే. ఆ తప్పు తర్వాత స్క్రూలో, స్లైడు ఆటను సర్దే జిబ్ పట్టీలో, చివరికి కట్టర్‌లో కనిపిస్తుంది కాబట్టి అసలు కారణం ఎవరికీ గుర్తుండదు.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క మాట. మామూలుగా లేత్‌లో పని ముక్క తిరుగుతుంది, టూల్ జరుగుతుంది. నిలువు స్లైడు పెడితే అది తారుమారవుతుంది. కట్టర్‌ను చక్‌లో పట్టి తిప్పుతాం, పని ముక్కను స్లైడు మీద బిగించి జరుపుతాం. ముందుకూ వెనక్కూ క్రాస్ స్లైడు జరుపుతుంది, కుడి ఎడమలకు శాడిల్ జరుపుతుంది. లేనిది పైకీ కిందికీ కదలిక ఒక్కటే, దాన్ని ఈ అటాచ్‌మెంట్ ఇస్తుంది. మిల్లింగ్ మిషన్‌కు చోటూ డబ్బూ లేని ఇంటి వర్క్‌షాపులో కీవేలు, గాడులు, చదరపు తలలు దీనితోనే చేసుకోవచ్చు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ స్లైడు చేయడానికి మిల్లింగ్ కావాలి, మిల్లింగ్ చేయడానికి స్లైడు కావాలి. అందుకే మన డిజైన్‌లో పావురం తోక గాడి (డోవ్‌టెయిల్, లోపలికి వెడల్పయ్యే ఏటవాలు గాడి) పెట్టలేదు. బ్రాకెట్ ముఖం చదునుగా ఉంటుంది, గైడు పట్టీలు స్టీలుతో వేరుగా చేసి బోల్టులతో బిగిస్తాం. అలా చేస్తే పోత ముక్కల మీద పనంతా చదును కోతలే. చదును కోయడం లేత్‌కు వచ్చు.

కొలతలు, పేర్లు

నిలువు పలక ఎత్తు 120 మిల్లీమీటర్లు, వెడల్పు 80. పాదం పొడవు 75, వెడల్పు అదే 80. రెండింటి మందం 16. లోపలి మూలలో రెండు రిబ్బులు, పాదంలో పోతలోనే వచ్చిన రెండు పొడుగు బెజ్జాలు ఉన్నాయి. ఇవన్నీ పని పూర్తయ్యాక ఉండాల్సిన కొలతలు. కోయాల్సిన ప్రతి ముఖం మీదా ఇంకో 3 మి.మీ. అదనంగా పోశారు. సెంటర్ ఎత్తు (బెడ్ నుంచి స్పిండిల్ నడిమధ్యకు ఉన్న ఎత్తు) 100 మి.మీ. దగ్గరగా ఉన్న లేత్‌ను దృష్టిలో పెట్టుకున్న సైజు ఇది. మీది చిన్నదైతే పోత పోయించకముందే కొలతలు తగ్గించుకుని ఉండాలి.

నిలువు పలక బయటి పక్కను ఇకపై నిలువు ముఖం అంటాను, పాదం కింది పక్కను అడుగు ముఖం అంటాను. అడుగు ముఖం క్రాస్ స్లైడు మీద కూర్చుంటుంది. నిలువు ముఖం మీద గైడు పట్టీలు వస్తాయి. ఈ రెండూ చదునుగా ఉండాలి, ఒకదానికొకటి కచ్చితంగా 90 డిగ్రీలుండాలి. ఇవాళ్టి పనంతా అదే.

పోతలో నమ్మదగ్గది ఏదీ ఉండదు

చుట్టిన స్టీలు పట్టీ తెచ్చుకుంటే ఏదో ఒక పక్క కాస్తో కూస్తో చదునుగా ఉంటుంది. దాన్ని ఆధారం చేసుకుని మిగతావి కోసుకుంటాం. పోత ముక్కకు ఆ సుఖం లేదు. ఇసుక మౌల్డులోంచి నమూనా తేలిగ్గా బయటికి రావాలని నిలువు పక్కలన్నిటికీ ఒకటి రెండు డిగ్రీల వాలు పెడతారు. 75 మి.మీ. పొడవులో ఒక డిగ్రీ వాలు అంటే 1.3 మి.మీ. తేడా, రెండు డిగ్రీలంటే 2.6. అలాంటి పక్కకు మూలమట్టం ఆనించి చూస్తే చిరాకు మిగులుతుంది, సమాచారం మాత్రం దొరకదు. దీనికి తోడు బూడిద రంగు పోత ఇనుము గడ్డకట్టి చల్లారేలోగా నూటికి ఒకటి వంతున కుంచించుకుంటుంది. నమూనా చేసినవాళ్ళు ఆ లెక్క కలుపుకునే చేస్తారు, కాకపోతే పలుచని చోటు ముందు చల్లారి, రిబ్బులు కలిసే మందమైన మూల తర్వాత చల్లారుతుంది. ఆ ముందూ వెనకల్లో ముక్క కొంచెం వంగుతుంది. వంగినంత మేర బయటికి కనిపిస్తుంది. వంగలేక లోపలే బిగుసుకుపోయిన ఒత్తిడి మాత్రం కనిపించదు.

ఆ కనిపించని ఒత్తిడి గురించి నాకు తెలిసింది పుస్తకాల వల్ల కాదు. నా మొదటి బ్రాకెట్‌కు నిలువు ముఖాన్ని ఒకే సిటింగ్‌లో అద్దంలా పూర్తి చేసి, మురిసిపోయి, మర్నాడు అడుగు ముఖం మీద పెంకు (పోత పైనుండే గట్టి పొర) తీశాను. ఆ తర్వాత నిలువు ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే నడుమ వెలుతురు కనిపించింది. ఫీలర్ గేజి 0.15 ఆకు దూరిపోయింది. ముక్క నేను చేసినట్టే ఉంది, ఒక పక్క పెంకు పోవడంతో ఇన్నాళ్ళూ పట్టి ఉంచిన బిగువు సడలి వంగింది అంతే. మళ్ళీ కోస్తే మందం 16కు తగ్గింది, రెండో కోతతో ఇంకా తగ్గింది.

కాబట్టి మన వరస ఇలా ఉంటుంది. ముందు నిలువు ముఖాన్ని ముతకగా కోస్తాం. దాన్ని ఆధారం చేసుకుని అడుగు ముఖాన్ని ముతకగా కోస్తాం. అన్ని చోట్లా పెంకు పోయాక, బిగింపులన్నీ విప్పి, మళ్ళీ మొదటి ముఖానికి వచ్చి సన్నగా కోస్తాం. ఆఖరున అడుగు ముఖం. మొదటి ముఖం తాత్కాలికమే. దాని మీద మోజు పెంచుకోకూడదు.

కోతకు ముందు

ముక్కను వైరు బ్రష్‌తో గట్టిగా తోమండి. మూలల్లో ఇసుక అంటుకుని ఉంటే ఉలితో గీకి తీయండి. ఆ ఇసుక రేణువులే టూల్‌కు మొదటి శత్రువులు. మౌల్డు రెండు సగాలు కలిసిన చోట అంచు వెంట పలుచని రేకులా లోహం పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని పాత ఆకురాయితో రాసేయండి. కొత్త ఆకురాయి వాడొద్దు, పెంకు మీద దాని పళ్ళు నాలుగు రాపిడుల్లో పోతాయి.

తర్వాత ముక్కను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టండి. కుండను వేలితో కొట్టి చూసినట్టే. ఖంగుమంటే మంచిది. బొంగురుగా, చచ్చిన చప్పుడు వస్తే ఎక్కడో పగులుంది. పగులు ఉన్న బ్రాకెట్‌ను ఫేస్‌ప్లేట్ (చక్ బదులు స్పిండిల్‌కు బిగించే గాడుల పళ్ళెం) మీద తిప్పడం ప్రమాదం, దాన్ని పక్కన పడేయండి. పైన గుండుసూది తలంత గుంతలు అక్కడక్కడా ఉంటే దిగులక్కర్లేదు. గైడు పట్టీలు వచ్చే చోట పెద్ద గుంత ఉంటే మాత్రం ఇప్పుడే సన్నటి తీగతో లోతు చూడండి. 3 మి.మీ. లోపలే ఉంటే కోతలో పోతుంది.

పలుచని మూలల్లో ఇంకో సంగతి చూసుకోవాలి. బాగా వేగంగా చల్లారిన చోట ఇనుములోని కార్బన్ గ్రాఫైటు రేకులుగా విడిపోయే వ్యవధి దొరకక, గట్టి తెల్ల ఇనుముగా మిగిలిపోతుంది. ఆకురాయి పెడితే కరవదు, జారి మెరుస్తుంది. అలాంటి మూల దొరికితే టూల్‌తో పోట్లాడొద్దు. ముక్కనంతా బొగ్గుల పొయ్యిలో బాగా ఎర్రబడేదాకా, అంటే 850 నుంచి 900 డిగ్రీల దాకా కాల్చి, కాసేపు ఆ వేడిలోనే ఉంచి, బూడిద కప్పేసి రాత్రంతా దానంతట దాన్ని చల్లారనివ్వాలి. నీళ్ళ చుక్క తగలనివ్వొద్దు. తెల్లారేసరికి ఆకురాయి కరుస్తుంది.

ఇక మార్కింగ్. నున్నని ముఖానికి నీలం రంగు పూస్తాం కానీ గరుకు పోత మీద అది కనిపించదు. సుద్దపొడి నీళ్ళలో కలిపి పల్చగా పూసి ఆరనివ్వండి. ముక్కను సర్ఫేస్ ప్లేటు మీద మూడు చిన్న జాకీల మీద, లేదా మూడు ఏటవాలు చెక్క ముక్కల (వెడ్జుల) మీద నిలబెట్టండి. నాలుగు పెడితే ఊగుతుంది, మూడైతే ఎలాంటి నేల మీదైనా నిలుస్తుంది. ఇప్పుడు హైట్ గేజితో ముక్క చుట్టూ ఒక గీత గీయాలి. ఆ గీత వరకు కోస్తే నిలువు పలక మందం అన్ని చోట్లా 16కు తక్కువ కాకూడదు.

గీత ఎక్కడ గీయాలన్నది ఆలోచించాల్సిన విషయం. బయటి ముఖం నుంచి 3 మి.మీ. కొలిచి గీస్తే సరిపోదు. లోపలి ముఖం, అంటే ఎప్పటికీ కోయకుండా అలాగే ఉండిపోయే ముఖం నుంచి లెక్క వేయాలి. లోపల నుంచి 16 కొలిచి నాలుగు మూలల్లోనూ చుక్కలు పెట్టండి, ఆ చుక్కలన్నీ ఒకే ఎత్తులోకి వచ్చేదాకా జాకీలు సర్దండి. కోసిన ముఖం కోయని ముఖంతో సమాంతరంగా ఉంటేనే చూసేవాళ్ళ కంటికి ముక్క తిన్నగా కనిపిస్తుంది. చిన్న విషయమే, కానీ ఒక పక్క 14, ఇంకో పక్క 19 మందం ఉన్న పలక ఎంత కచ్చితంగా పనిచేసినా చూసినప్పుడల్లా గుచ్చుకుంటుంది. గీత వెంట అక్కడక్కడా డాట్ పంచ్ కొట్టి ఉంచండి, సుద్ద రాలినా చుక్కలు మిగులుతాయి.

బిగింపు

ఫేస్‌ప్లేట్ మీద యాంగిల్ ప్లేట్ (90 డిగ్రీల ఇనుప మూల) బిగించండి. బ్రాకెట్ పాదాన్ని ఆ యాంగిల్ ప్లేట్‌కు ఆనించి, నిలువు ముఖం లేత్ కుడి చివర, టెయిల్‌స్టాక్ వైపు చూసేలా పెట్టాలి. అడుగు ముఖం ఇంకా గరుకే కాబట్టి నేరుగా ఆనిస్తే ఎత్తుగా ఉన్న చోట తగిలి, బోల్టు బిగించగానే ముక్క విల్లులా వంగుతుంది. అందుకే మళ్ళీ మూడు పాయింట్ల సూత్రం. రెండు బోల్టుల చుట్టూ రెండు అల్యూమినియం వాషర్లు, దూరంగా ఉన్న అంచు దగ్గర మూడో ముక్క. బిగింపు ఒత్తిడి సరిగ్గా ప్యాకింగ్ మీదే పడాలి. మూడో చోట బోల్టు లేదు కాబట్టి ఒక పట్టీ వేయండి.

టూల్‌పోస్టులో మొనదేలిన కడ్డీ ఒకటి పెట్టి, శాడిల్ లాక్ చేసి, ఫేస్‌ప్లేట్‌ను చేత్తో తిప్పుతూ గీత ఆ మొన దగ్గరికి నాలుగు మూలల్లోనూ వస్తోందా చూడండి. రాకపోతే ప్యాకింగ్ కింద రేకు ముక్కలు చేర్చండి. దీనికి అరగంట పడుతుంది. మొదటిసారి గంట పట్టినా తప్పులేదు.

అంతా సరిపోయాక ఒక పరీక్ష ఉంది, చాలామంది చేయరు. డయల్ గేజి మొనను నిలువు పలక మీద ఏదో ఒక చోట ఆనించి ఒక్కో బోల్టును వదులు చేసి మళ్ళీ బిగించండి. ముల్లు 0.02 మి.మీ. కంటే ఎక్కువ కదిలితే ఆ బోల్టు ముక్కను వంచుతోందని అర్థం. ప్యాకింగ్ సర్దండి. వంగిన ముక్కను చదునుగా కోస్తే విప్పాక చదును వంగుతుంది.

ఇప్పుడు బరువు. యాంగిల్ ప్లేట్ ఒక పక్కనే ఉంది కాబట్టి ఫేస్‌ప్లేట్ ఆ వైపు బరువుగా ఉంటుంది. గేరు తీసి స్పిండిల్‌ను వదిలేస్తే బరువైన పక్క కిందికి దిగి ఆగుతుంది. ఎదురు పక్కన ఏదైనా ఇనుప ముక్కను బోల్టుతో బిగించి, ఎక్కడ ఆపితే అక్కడే నిలిచేదాకా జరుపుతూ పోండి. ఒకసారి బద్ధకించి ఈ పని మానేశాను. లేత్ బల్లతో సహా గోడ వైపు నడవడం మొదలుపెట్టింది.

చివరగా, స్విచ్ వేయకముందు చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పండి. నిలువు ముఖం మూల నుంచి మూలకు 144 మి.మీ., అంటే 72 వ్యాసార్థం. యాంగిల్ ప్లేట్ మూల ఇంకా బయటికి, 85 దాకా వస్తుంది. 100 సెంటర్ ఎత్తులో బెడ్‌కు అది తగలదు, శాడిల్ రెక్కకో, బోల్టు తలకో తగలొచ్చు. చేత్తో తిప్పినప్పుడు తగిలితే చప్పుడు వినబడుతుంది, మోటారుతో తిరిగినప్పుడు తగిలితే ముక్కలు ఏరుకోవాలి.

పెంకు కింద నుంచి కోయాలి

పోత పెంకు ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది, కానీ ఇసుకా గట్టిదనమూ అంతా అందులోనే ఉంది. దాని కింద మెత్తని, గ్రాఫైటు నిండిన ఇనుము ఉంది. కొత్తవాళ్ళు భయంతో 0.3 మి.మీ. కోత పెడతారు. భయంతో పెట్టిన ఆ కోతే టూల్‌ను చంపేది. మొన పూర్తిగా పెంకులోనే ప్రయాణించి, పావు అంగుళం వెళ్ళేసరికి నునుపెక్కి రాసుకోవడం మొదలుపెడుతుంది. మొదటి కోత 1.5 నుంచి 2 మి.మీ. లోతు ఉండాలి. అప్పుడు మొన మెత్తని లోహంలో నడుస్తుంది, పెంకు పైన విరిగి రాలిపోతుంది.

అయినా టూల్ లోపలికి అడుగుపెట్టే అంచు దగ్గర పెంకును దాటక తప్పదు. ఆ అంచుల్ని గ్రైండర్‌తోనో పాత ఆకురాయితోనో ఏటవాలుగా కొంచెం తీసేయండి. ఇది చేస్తే ఇంకో లాభం కూడా ఉంది. పోత ఇనుము అంచు చివర్లో కోసుకుపోదు, పెళుసుగా విరిగి పెచ్చు ఊడుతుంది. అంచు ముందే ఏటవాలుగా ఉంటే పెచ్చులు తక్కువ.

టూల్‌కు పై వాలు తక్కువ చాలు, సున్నా నుంచి ఎనిమిది డిగ్రీల లోపు. కింది ఖాళీ ఆరేడు డిగ్రీలు. పెంకు కోతకు కార్బైడు వాడతాను, పోత ఇనుముకు చెప్పిన కె రకం. తర్వాత సన్న కోతకు హైస్పీడ్ స్టీలే నాకు ఇష్టం, మొనను నూరుకోవడం మన చేతిలో ఉంటుంది.

వేగం లెక్క ఇది. నిమిషానికి చుట్లు = 1000 × కోత వేగం ÷ (3.14 × వ్యాసం). హైస్పీడ్ స్టీలుకు పోత ఇనుములో కోత వేగం నిమిషానికి 20 మీటర్లు అనుకోండి. వ్యాసం 144 కాబట్టి 44 చుట్లు వస్తాయి. నమ్మబుద్ధి కాదు కదా, అంత నెమ్మదా అని. అవును, వేగం తగ్గించే బ్యాక్‌గేర్ వేయాల్సిందే. కార్బైడు మూడింతల వేగం తట్టుకుంటుంది కానీ ఇంత ఒంటిపక్క బరువును అంత జోరుగా తిప్పడం నాకు ఇష్టం లేదు, పైగా మూలల దగ్గర దెబ్బలకు కార్బైడు పెళుసు మొన చిట్లుతుంది. 70 దగ్గర ఆపేస్తాను.

బయటి నుంచి లోపలికి, ఒక చుట్టుకు 0.15 ఫీడుతో కోయండి. చప్పుడు వినండి, భలే చెబుతుంది. మొదట్లో చుట్టుకు నాలుగు దెబ్బలు వినిపిస్తాయి, నాలుగు మూలలవి. వ్యాసం 120 కంటే తగ్గాక రెండే దెబ్బలు. 80 లోపలికి వచ్చాక దెబ్బలు ఆగి, బియ్యం జల్లెడ పట్టినట్టు ఒకే సన్నని సవ్వడి. ఈ వరస కాకుండా మధ్యలో గీపెట్టే శబ్దం వస్తే ఆపి చూడండి. టూల్ మొన పోయి ఉంటుంది, లేదా ఎక్కడో బోల్టు సడలి ఉంటుంది.

కూలంట్ వద్దు. గ్రాఫైటే కందెన పని చేస్తుంది. నీళ్ళు కలిపిన కూలంట్ పోస్తే నల్ల రజనుతో కలిసి అరగదీసే ముద్దవుతుంది, మర్నాటికి తుప్పు కూడా. పొడిగా కోసినా ఆ రజను బెడ్ మీద పడితే శాడిల్ కింద చేరి బెడ్‌ను తింటుంది. కోతకు ముందు బెడ్ మీద నూనె తుడిచేసి, రేకు కప్పండి. చక్ దగ్గర గుడ్డ కప్పొద్దు, చుట్టుకుపోతుంది. పని అయ్యాక వాక్యూమ్‌తో పీల్చి, కిరోసిన్ గుడ్డతో తుడిచి, మళ్ళీ నూనె రాయండి. గాలి కొట్టొద్దు, గాలి ఆ పొడిని మీకు కనిపించని సందుల్లోకి తోస్తుంది. కళ్ళద్దాలూ మాస్కూ ఎలాగూ ఉండాలి. ముక్కు నల్లబడ్డాక మాస్క్ గుర్తొస్తే లాభం లేదు.

పెంకు పూర్తిగా పోయి, ముఖమంతా ఒకే బూడిద రంగులోకి వచ్చాక ఆపేయండి. గీతకు ఇంకో 0.7 మి.మీ. దూరం ఉండాలి. నున్నగా చేయాలన్న కోరికను అణచుకోండి.

అడుగు ముఖం: లేతే మూలమట్టం

యాంగిల్ ప్లేట్ మీదే రెండో ముఖాన్నీ కోయొచ్చు. నేను కోయను. యాంగిల్ ప్లేట్ ఎంత నిజమో అంతే నిజం మన మూల అవుతుంది. మంచి దారి ఇంకోటి ఉంది.

క్రాస్ స్లైడు మీదుండే కాంపౌండ్ స్లైడును తీసేయండి. బ్రాకెట్‌ను బోర్లా పడుకోబెట్టి, ఇప్పుడే కోసిన నిలువు ముఖాన్ని క్రాస్ స్లైడు పైతలం మీద కూర్చోబెట్టండి. పాదం ఇప్పుడు నిట్టనిలువుగా, అడుగు ముఖం చక్ ఉన్న హెడ్‌స్టాక్ వైపు చూస్తూ ఉంటుంది. క్రాస్ స్లైడు టీ గాడుల్లోంచి పట్టీలతో నిలువు పలక లోపలి పక్క మీద బిగించండి. ముక్క క్రాస్ స్లైడు ఎడమ అంచు దాటి ఓ పది మి.మీ. బయటికి రావాలి, లేకపోతే కట్టర్ స్లైడునే కోస్తుంది.

చక్‌లో ఫ్లై కట్టర్. అంటే ఒక గుండ్రటి దిమ్మ, దానికి అడ్డంగా ఒకే ఒక టూల్ మొన. అది తిరిగి గీసే వలయం వ్యాసార్థం, క్రాస్ స్లైడు పైతలం నుంచి సెంటర్ ఎత్తుకంటే కొంచెం ఎక్కువ ఉండాలి. నా లేత్‌లో ఆ ఎత్తు 50, కాబట్టి వలయం 55 వ్యాసార్థం. మీది కొలుచుకోండి. అదే లెక్కతో వ్యాసం 110కి 20 మీటర్ల వేగంలో నిమిషానికి 58 చుట్లు.

ఇప్పుడు ఏం జరుగుతోందో ఒక్క నిమిషం ఆగి చూడండి. కట్టర్ గీసే తలం స్పిండిల్‌కు లంబంగా ఉంటుంది. స్పిండిల్ క్రాస్ స్లైడు పైతలానికి సమాంతరంగా ఉంటుంది. కాబట్టి క్రాస్ స్లైడు మీద కూర్చున్న ముఖానికీ కట్టర్ కోసే ముఖానికీ మధ్య 90 డిగ్రీలు దానంతట అదే వస్తుంది. మూలమట్టం వాడలేదు, యాంగిల్ ప్లేట్ వాడలేదు. రేపు ఈ స్లైడు పనిచేసేది ఈ లేత్ మీదే, కాబట్టి ఈ లేత్ నిజమే దీనికి కావాల్సిన నిజం.

శాడిల్‌ను కోతకు జరిపి, ప్రతిసారీ లాక్ చేయండి. క్రాస్ స్లైడు జిబ్‌ను మామూలుకంటే కాస్త బిగువు చేయండి, లేకపోతే స్క్రూలో ఉన్న ఆట వల్ల కట్టర్ ముక్కను తనవైపు లాక్కుంటుంది. పెంకు ఇక్కడ కూడా ఒక్క కోతలోనే పోవాలి. ఫ్లై కట్టర్ దెబ్బలు గట్టిగా ఉంటాయి కాబట్టి ఫీడు చాలా నెమ్మదిగా, చేత్తో. చుట్టుకు 0.1 చొప్పున లెక్కేస్తే నిమిషానికి ఆరు మి.మీ. కూడా రాదు. కుర్చీ వేసుకోండి. కోత చివరికి వచ్చాక అలాగే వెనక్కి లాగొద్దు, ముందు శాడిల్ లాక్ తీసి కొంచెం వెనక్కి జరిపి అప్పుడు లాగండి.

విప్పి, ఆగి, మళ్ళీ

రెండు ముఖాల పెంకూ పోయింది. బ్రాకెట్‌ను పూర్తిగా విప్పేసి బల్ల మీద పెట్టండి. వెనకటి రోజుల్లో పోత ముక్కల్ని ముతకగా కోసి నెలల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ వదిలేసేవారు. లోపలి ఒత్తిడి నిజంగా పోవాలంటే 500 నుంచి 600 డిగ్రీల దాకా వేడి చేసి కొలిమిలోనే మెల్లగా చల్లార్చాలి. ఇంట్లో ఒకట్రెండు రోజులు ఆగితే దానికి సమానమేమీ కాదు. అయినా ఆగమంటాను, ఎందుకంటే పెంకు తీసినప్పుడు ముక్క ఎంత వంగాలో అంతా వంగిపోయి ఉంటుంది, బిగింపు విప్పితే ఆ వంపు బయటపడుతుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూడండి. 0.05 తేడా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు.

ఇప్పుడు సన్న కోతలు. అడుగు ముఖం చదునుగా ఉంది కాబట్టి ప్యాకింగ్ లేకుండా నేరుగా యాంగిల్ ప్లేట్‌కు బిగించి, నిలువు ముఖం మీద 0.3 చొప్పున రెండు కోతలు, ఆఖరిది 0.1. మొన కొంచెం గుండ్రంగా ఉండాలి. తర్వాత ఆ నిలువు ముఖాన్ని క్రాస్ స్లైడు మీద కూర్చోబెట్టి అడుగు ముఖం మీద 0.2 కోత ఒకటి, 0.05 కోత ఒకటి. ఆఖరి కోత అడుగు ముఖానిదే కావాలి, మూల నిజం అక్కడే ఖాయమవుతుంది. కూర్చోబెట్టే ప్రతిసారీ రెండు తలాల్నీ అరచేత్తో తుడవండి. గుడ్డకు తెలియని ఒక్క రజను గింజ అరచేతికి తెలుస్తుంది.

పరీక్షకు బ్రాకెట్‌ను రేపు పనిచేసే తీరులోనే నిలబెట్టండి. అడుగు ముఖం క్రాస్ స్లైడు మీద, నిలువు ముఖం చక్ వైపు. చక్‌లో డయల్ గేజి పట్టి, మొన 40 మి.మీ. వ్యాసార్థంలో నిలువు ముఖం మీద తిరిగేలా చేత్తో తిప్పండి. పైనా కిందా రీడింగుల తేడా చూడండి. 80 మి.మీ. ఎడంలో 0.02 లోపు ఉంటే బ్రాకెట్ కుదిరింది. ఎడమా కుడీ తేడా ఎంతున్నా ఇప్పుడు పట్టించుకోవద్దు, అది బిగించేటప్పుడు తిప్పి సరిచేసుకునేదే. పైకీ కిందికీ తేడా 0.05 దాటితే మాత్రం ఎక్కడో రజను కూర్చుంది, లేదా పట్టీ ముక్కను వంచింది. అందుకే ఇంకో 0.05 కోతకు చోటు ఉంచుకోండి.

0.02, 0.05 మధ్యలో ఆగిపోయినవాళ్ళు మళ్ళీ కోయొద్దు. అది స్క్రేపర్‌తో తీసేంత పని. వచ్చే పాఠంలో నీలం రంగు పూసి ఎత్తైన చుక్కల్ని వెతికి గీకడం చూద్దాం. దానికి నిజమైన చదును పలక ఒకటి కావాలి. జోసెఫ్ విట్‌వర్త్ 1840లో వివరించిన పద్ధతిలో మూడు పలకల్ని ఒకదానికొకటి పోల్చుకుంటూ గీకి, ఏ ఆధారమూ లేకుండానే చదును పుట్టించవచ్చు. రెండు పలకలైతే ఒకటి గుంతగా, ఇంకోటి గుబ్బగా కుదిరి మోసం చేస్తాయి, మూడోది ఆ మోసాన్ని బయటపెడుతుంది. మనకు అంత తపస్సు అక్కర్లేదు. చిన్న గ్రానైట్ సర్ఫేస్ ప్లేటు ఉంటే సరే, లేకపోతే 10 మి.మీ. మందమున్న ఫ్లోట్ గ్లాసు ముక్క, 200 × 200 సైజులో, అంచులు రాసినది తెచ్చిపెట్టుకోండి. నీలం రంగు ట్యూబు ఒకటి, పాత చదును ఆకురాయి ఒకటి కూడా. ఆ ఆకురాయి పళ్ళు గ్రైండర్ మీద తీసేసి స్క్రేపర్‌గా మార్చుకుందాం. బ్రాకెట్ కోసిన ముఖాలకు పలుచగా నూనె రాసి, కాగితంలో చుట్టి పక్కన పెట్టండి. పోత ఇనుము ముఖం చెమట చెయ్యి తగిలినా ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది.